అడుగున రాసిన పేరు

సోమవారం ఉదయం ఏడింటికి సుమతి పనిలోకి వచ్చేసరికి ఆమె టేబుల్ మీద ఒక బకెట్ ఉంది. పిల్లలు ఇసుకలో ఆడుకునే బకెట్టే. కాకపోతే రెండడుగుల ఎత్తుంది. అచ్చులోంచి తీసి రెండు రోజులే అయింది కనుక రెసిన్ వాసన ఇంకా పోలేదు. గోడ పక్కన అలాంటివే మరో ముప్పై తొమ్మిది వరసగా నిలబెట్టి ఉన్నాయి, అన్నీ పాలిపోయిన తెలుపు.

షామ్‌బర్గ్ దాటాక ఇండస్ట్రియల్ పార్క్‌లో చివరి షెడ్డు వాళ్ళది. కళాకారులు ఊహించిన బొమ్మల్ని అక్కడ పోతపోసి, నున్నగా చేసి, రంగులేసి పంపిస్తారు. మెర్ట్జ్ అనే ఆయనవే ఎక్కువ వస్తాయి. ఆయన పిల్లల ఆటవస్తువుల్నే తీసుకుంటాడు. పోయినేడు ఒక ఈల, అంతకుముందు గాలి పోయి చప్పబడిన బంతి. ఉన్నదాన్ని ఉన్నట్టు స్కాన్ చేయించి నాలుగింతలు పెంచుతాడు, పైన కార్లకు వేసే రంగు అద్దంలా వేయిస్తాడు. ఒక్కోదానికి నలభై నకళ్ళు, అంతకు మించి చెయ్యరు. కొనుక్కున్నవాళ్ళు వాటిని హాల్లో, ఆఫీసు లాబీల్లో పెట్టుకుంటారు.

రెసిన్ మీద సూదిబెజ్జాలను వెతికి లప్పం పెట్టడం, ఉప్పు కాగితంతో తడిపి రుద్దడం, మళ్ళీ వెతకడం సుమతి పని. కంటికి కనిపించనివి వేళ్ళకు తెలుస్తాయి. పల్చటి గ్లవ్ వేసుకుని ఎడమ అరచేతిని బకెట్ చుట్టూ నెమ్మదిగా తిప్పింది. ఎక్కడ తేడా తగిలితే అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టింది. డెబ్రా అసలు బకెట్ ఫొటోల కాగితం తెచ్చి టేబుల్ అంచుకి అంటించింది. డెబ్రా ఆ షెడ్డుకి మేనేజరు. ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి.

"ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టినవి ముట్టుకోకు. అవి పోతలో వచ్చిన లోపాలు కావు. అసలు బకెట్ మీద ఉన్నవే. మెర్ట్జ్‌కి ఆ గీతలన్నీ కావాలట," అంది.

సుమతి తలూపింది. పక్కలు అయ్యాక బకెట్‌ని స్పాంజి మీద బోర్లించింది. అడుగున లోతుగా వంకర గాడులు ఉన్నాయి. పగులేమోననుకుంది. బొటనవేలితో తడిమింది. గాడి పైకి వెళ్ళి, గుండ్రంగా తిరిగి, గుడి దగ్గర ఆగి, మళ్ళీ పక్కన మొదలైంది. వేలు ఆ దారినే పోతూ ఉండగా సుమతికి తను చదువుతున్నానని తెలిసింది.

నీహా.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కాగితం చూసింది. ఫొటోలో ఆ గాడుల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా, పక్కన ఇంగ్లీషులో 'పిచ్చిగీత, ఉంచాలి' అని ఉంది.

రెండో అక్షరానికి దీర్ఘం మామూలుగా లేదు. చివర కొక్కెంలా లోపలికి తిరిగి ఉంది. దీర్ఘం అలా రాసే మనిషి సుమతికి ఒక్కతే తెలుసు. డేకేర్‌లో కూతురి వస్తువులన్నిటి మీదా పేరు రాయమన్నారని, మార్కర్‌తో రాస్తే నీళ్ళల్లో చెరిగిపోతోందని, పిన్నీసు స్టవ్ మీద కాల్చి ప్లాస్టిక్ మీద గీస్తూ కూర్చున్న స్నేహితురాలు తార. ఇంగ్లీషులో రాయొచ్చుగా అని అడిగితే, "క్లాసులో నేహా అని ఇంకో పాప ఉంది. ఇంగ్లీషులో రాస్తే కలిసిపోతాయి. తెలుగైతే ఎవరూ తీసుకోరు," అంది. పొగ వాసనకి సుమతి కిటికీ తీసింది అప్పుడు.

"అసలు బకెట్ ఇక్కడే ఉందా?" అని అడిగింది సుమతి.

"ఆఫీసులో అరలో ఉంది. ఎందుకు?"

"ఒకసారి చూడాలి."

చిన్న పసుపు బకెట్. ఎండకు ఒక పక్క వెలిసిపోయింది. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన నంబరు వేశారు. సుమతి సంచి తెరవలేదు. అలాగే పైకెత్తి అడుగు చూసింది. కాలిన చోట ప్లాస్టిక్ గోధుమ రంగులో చిన్న గట్టులా పేరుకుని ఉంది. ఆమెకు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఈ బకెట్‌ని ఆఖరుసారి పట్టుకుంది తనే. నల్ల చెత్తసంచిలో బట్టల మీద పెట్టి, మూతి ముడేసి, కారు డిక్కీలో పెట్టి, సెకండ్‌హ్యాండ్ షాపు వెనక తలుపు దగ్గర దింపి వచ్చింది. అప్పటికి పాప పోయి పన్నెండు రోజులు. తార, ఆమె భర్త చక్రపాణి కర్మలకి రాజమండ్రిలో ఉన్నారు.

సంచిని అరలో పెట్టి వచ్చి కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర దాకా ఆమె బకెట్ల పక్కలు మాత్రమే చేసింది. దేన్నీ బోర్లించలేదు.

*

ఇంటికి వెళ్ళాక మొగుడు ఫణికి చెప్పింది. అతను లాప్‌టాప్ మూసి విన్నాడు.

"ఖచ్చితంగా అదేనా?"

"అదే."

"మరి వాళ్ళకి చెప్పెయ్. ఎవరిదో పిల్ల పేరు అమ్ముకుంటున్నారని తెలిస్తే వాళ్ళే తీసేస్తారు. పెద్ద ఇష్యూ చెయ్యకు, మామూలుగా చెప్పు. నీ వర్క్ పర్మిట్, ఈఏడీ రెన్యూవల్ కూడా పెండింగ్‌లో ఉంది."

"తారకి చెప్పాలా?"

ఫణి తల అడ్డంగా ఊపాడు. "చెప్పి ఏం చేస్తావు? పేరు తీయించెయ్. అయిపోతుంది."

సుమతికీ అదే మంచిదనిపించింది. తీయించెయ్యడం.

మంగళవారం పదింటికి మెర్ట్జ్‌తో వీడియో కాల్ ఉంది. వారానికోసారి ఆయన పని ఎలా ఉందో చూస్తాడు. డెబ్రా కంప్యూటర్ ముందు కూర్చుని పసుపు రంగు నమూనాలు చూపిస్తోంది. సుమతి గ్లవ్స్ తీసి తలుపు దగ్గర నిలబడింది. డెబ్రా చూసి, "ఏమైనా చెప్పాలా?" అంది.

"బకెట్ అడుగున ఉన్నది పిచ్చిగీత కాదు," అంది సుమతి. "అక్షరాలు."

మెర్ట్జ్ కెమెరా దగ్గరికి జరిగాడు. యాభై ఏళ్ళుంటాయి, ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. "ఏ భాష?"

"తెలుగు. మా భాష."

"నిజమా? ఏమని ఉంది?"

"పేరు. చిన్నపిల్ల పేరు."

ఆయన ముఖం వెలిగింది. ఎవరో తల్లి చేత్తో రాసి ఉంటుందని, తను సెకండ్‌హ్యాండ్ షాపుల్లో గంటలు గంటలు తిరిగేది ఇలాంటి వాటికోసమేనని, ఇది కేటలాగులో రాయాలని అన్నాడు. పేరు ఎలా పలకాలని అడిగాడు. సుమతి చెప్పలేదు.

"ఆ పాప నాకు తెలుసు. నా ఫ్రెండ్ కూతురు. ఇప్పుడు లేదు. జ్వరం వచ్చి పోయింది. రెండున్నరేళ్ళు."

డెబ్రా కుర్చీ తిప్పి ఆమె వైపు చూసింది. తెర మీద మెర్ట్జ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెనక అతని గదిలో హీటరు మోత వినిపించింది.

"నాకు తెలియదు," అన్నాడు చివరికి. "వాళ్ళు ఏమనుకుంటారు? ఆ పేరు..."

"నేను పూడ్చేస్తాను," అంది సుమతి. ఆయన మాట పూర్తి కాకముందే అంది. "నలభైట్లోనూ. కనపడకుండా చేస్తాను."

"వాళ్ళు అలా కోరుకుంటున్నారా?"

సుమతి తలూపింది. "అవును," అంది.

"అయితే తీసెయ్యండి. అసలు బకెట్ కూడా వాళ్ళకి ఇచ్చెయ్యండి. నా దగ్గర ఉండకూడదు అది."

*

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. బకెట్లన్నింటినీ బోర్లించి రెండు బల్లల మీద వరసగా పెట్టింది. నలభై అడుగులు, నలభై పేర్లు. గాడుల్లో లప్పం పట్టుకోవాలంటే ముందు వాటిని గరుకుగా గీరాలి. సన్నటి పనిముట్టుతో ఒక్కో గాడినీ గీరింది. నీ గుడి పైనుంచి కిందికి, హా చుట్టూ, దీర్ఘం చివర లోపలికి. మొదటి నాలుగైదింటి దగ్గర ఆ గీత చేతికి కొత్తగా ఉంది. పదో బకెట్ దగ్గరికొచ్చేసరికి చూడకుండానే చెయ్యి తిరుగుతోంది. తారలాగే రాస్తున్నానని తెలిసి ఒకసారి పనిముట్టు కింద పెట్టింది. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ పట్టుకుంది.

లప్పం రెండు పాళ్ళూ కలిపాక నాలుగు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆగడానికి వీల్లేదు. అది ఒకరకంగా మేలు చేసింది. కలపడం, గాడిలోకి ఒత్తడం, రేకుతో చదును చెయ్యడం, తర్వాతి దానికి వెళ్ళడం. పక్క బల్ల దగ్గర పనిచేసేవాళ్ళ రేడియో మోగుతోంది. మూడింటికి ముప్పై పూర్తయ్యాయి. డెబ్రా వచ్చి నిలబడి చూసింది.

"రేపు వేరేవాళ్ళ చేత చేయిస్తాను. నువ్వు చెయ్యనక్కర్లేదు," అంది.

"వేరేవాళ్ళకి ఇది గీతే కదా. సరిగ్గా చెయ్యరు," అంది సుమతి.

బుధవారం మిగిలిన పదీ చేసి, అన్నింటినీ రుద్ది, ప్రైమర్ వేయించింది. బూడిదరంగు పూత కింద అడుగులన్నీ చదునుగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. చేత్తో తడిమింది. ఏమీ తగల్లేదు. ఇంటికి వెళ్ళి వంట చేసింది. ఫణి అడిగితే అయిపోయిందని చెప్పింది.

గురువారం వచ్చి దీపం వేసి చూస్తే పేర్లు మళ్ళీ ఉన్నాయి.

రాత్రంతా లప్పం ఆరుతూ ఆరుతూ కుంచించుకుపోయింది. వెంట్రుకవాసి కిందికి దిగింది, అంతే. మామూలు వెలుతురులో కనిపించదు. దీపాన్ని పక్కవాటుగా పట్టుకుంటే మాత్రం బూడిదరంగు చర్మం కింద నరంలా ఒక గీత. సుమతి దీపం పట్టుకుని వరసంతా నడిచింది. ఒకదాంట్లో గుడి మాత్రమే తేలింది. ఒకదాంట్లో రెండక్షరాలూ ఉన్నాయి. ఒకదాంట్లో దీర్ఘం తోక మిగిలింది.

ఇది వృత్తిలో మామూలే. ఇలాంటప్పుడు నల్లపొడి చల్లుతారు. దాని మీద రుద్దితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో నిలుస్తుంది. ఎక్కడ ఇంకా లప్పం కావాలో అప్పుడు తెలుస్తుంది. ఆమె పొడి చల్లింది. చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి, నీళ్ళు చిలకరించి, రుద్దింది. చుట్టూ నలుపు కొట్టుకుపోయింది. మధ్యలో నల్లగా, స్పష్టంగా, పలక మీద రాసినట్టు, పేరు వచ్చింది.

సుమతి దాని మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. తర్వాతిదానికి పొడి చల్లింది. దాంట్లోనూ వచ్చింది. దానికి ఆమె బాధ్యత ఏమీ లేనట్టు, ఎవరో లోపలినుంచి రాస్తున్నట్టు, చెయ్యి రుద్దినకొద్దీ అక్షరాలు బయటికి వచ్చాయి. ఎక్కడా తొందరపడలేదు. నలభయ్యీ అలాగే చేసింది. నలభయ్యీ చదివింది. ఆ తర్వాత పల్చటి లప్పం కలిపి మళ్ళీ పూడ్చింది.

సాయంత్రం డెబ్రా అసలు బకెట్‌ని బబుల్‌ర్యాప్‌లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. "మెర్ట్జ్ ఒక ఉత్తరం కూడా పంపుతానన్నాడు. నేనే వద్దన్నాను," అంది. "నువ్వు ఇస్తే చాలు."

సుమతి పెట్టెను కార్లో ముందు సీట్లో పెట్టింది. బరువు తక్కువ కనుక బెల్టు పెట్టమని కారు మోగలేదు. అయినా బెల్టు పెట్టింది.

*

పార్కింగ్‌లోంచే మనీషాకి ఫోన్ చేసింది. ఆ రోజు పాప గది ఖాళీ చేసింది వాళ్ళిద్దరే. మనీషాది వరంగల్, ఇప్పుడు నేపర్‌విల్‌లో ఉంటోంది.

"నువ్వు పిచ్చిదానివా సుమతీ," అంది మనీషా అంతా విని. "తీస్కపోయి తార చేతుల పెడ్తవా? మూడేండ్లయింది. ఇప్పుడిప్పుడే మంచిగుంటున్నది. మొన్న మా అంకిత బర్త్‌డేకి గూడ వచ్చింది, నవ్వింది. నువ్వే చూసినవ్ గదా."

"చూశాను."

"మరి? ఎందుకు కెలుకుడు? మీ ఆఫీసుల్నే యాడన్న పెట్టు. లేకుంటే నాకియ్యి, నేను దాస్త."

"మనం ఆ రోజు తనని అడగలేదు మనీషా."

"అడిగే పరిస్థితి ఉండెనా? చక్రపాణి గారే ఫోన్ చేసి జెప్పిండు గదా, మేం వచ్చేసరికి ఆ రూముల ఏం ఉండొద్దని. మనం మంచికే చేసినం."

"అవును."

"మంచికే చేసినం," అంది మనీషా మళ్ళీ. ఈసారి గొంతు తగ్గింది. ఫోన్ పెట్టేసే ముందు, "పోతే గిన, నేను గూడ వస్త అని చెప్పు. కాదు, వద్దులే. ఏం చెప్పకు," అంది.

శనివారం పదకొండింటికి సుమతి అరోరాలో తార ఇంటికి వెళ్ళింది. వస్తున్నానని మాత్రమే మెసేజ్ పెట్టింది. రోడ్ల పక్కన తోసిన మంచు నల్లబడి గుట్టలుగా ఉంది. తార తలుపు తీసింది. జుట్టుకు నూనె రాసుకుని ముడి వేసుకుంది.

"ఆయన సరుకులకి వెళ్ళారు. రా. ఉప్మా చేశాను, తింటావా?"

"కాఫీ చాలు."

తార కాఫీ కలుపుతూ ఆఫీసు కబుర్లు చెప్పింది. ఇంటినుంచే టెస్టింగ్ పని చేస్తుంది తను. కొత్త మేనేజరు రోజుకు మూడు మీటింగులు పెడుతున్నాడంది. సుమతి కాళ్ళ దగ్గర పెట్టిన పెట్టెను చూసి, "ఏంటది?" అంది.

సుమతి పెట్టె తెరిచి, బబుల్‌ర్యాప్ విప్పి, బకెట్‌ని బల్ల మీద పెట్టింది.

తార చేతిలో గ్లాసును సింకులో పెట్టింది. చెయ్యి తుడుచుకుంది. వచ్చి కూర్చుని, బకెట్‌ని తనవైపు లాక్కుని, ముందు లోపలికి చూసింది. తర్వాత తిప్పి అడుగు చూసింది. వేలితో అక్షరాల మీద ఒకసారి రాసింది. ఏడుస్తుందని సుమతి కాచుకుని ఉంది. తార ఏడవలేదు.

"దీనికోసం చాలా వెతికాను," అంది.

"ఎక్కడ?"

"ఎక్కడ దొరికింది నీకు?" అని తిరిగి అడిగింది తార.

సుమతి చెప్పింది. మెర్ట్జ్ గురించి, స్కాను గురించి, బకెట్ల గురించి. తార బకెట్‌ని పట్టుకునే వింది. అంతా విన్నాక, "ఏ షాపులో కొన్నాడట?" అని మాత్రం అడిగింది.

"ఊళ్ళో పెద్ద రోడ్డు మీద ఉన్నదే అనుకుంటా. మేం ఇచ్చింది అక్కడే."

"నేను వెళ్ళేదీ అక్కడికే. అంటే నాకంటే ముందొచ్చాడు." తార లేచింది. బకెట్‌ని వదల్లేదు. "పైకి రా."

పాప గది ఇప్పుడు ఆఫీసు గది. రెండు మానిటర్లు, కుర్చీ, గోడకు క్యాలెండరు. తార క్లోజెట్ తలుపు జరిపింది. కోట్ల వెనకనుంచి ఒక ప్లాస్టిక్ పెట్టెను కార్పెట్ మీదికి లాగి, మూత తీసి, పక్కన కూర్చుంది. సుమతి కూడా కూర్చుంది.

ఒంటి రెయిన్‌బూట్ ఉంది లోపల. మూడు ముక్కలు లేని చెక్క పజిల్. టోపీ ఉన్న గులాబీరంగు జాకెట్లు రెండు, ఒకటే రకం. ఒక జత మేజోళ్ళు. అట్టలు నమిలిన పుస్తకం. అన్నిటికీ ఆ షాపువాళ్ళ రంగురంగుల చీటీలు ఇంకా వేలాడుతున్నాయి.

"ఇండియానుంచి వచ్చిన వారానికే మొదలుపెట్టాను," అంది తార. "ఆయన శనివారం బ్యాడ్మింటన్‌కి వెళ్ళేవారు. నేను షాపుకి. ఒకోసారి పిల్లల సామాను ఆ పొద్దుటే వచ్చేది, ఇంకా సర్దేవాళ్ళు కాదు. అక్కడ పనిచేసే ఆవిడ నా మొహం గుర్తుపట్టి, కొత్తవి వస్తే చెప్పేది. నాకు చాలామంది పిల్లలున్నారనుకునేది."

సుమతి పెట్టెలోకి వంగింది. జాకెట్లకేసి చూసింది.

"ఒకటే దానిది. లేకపోతే రెండూ కావేమో. ఏదో తెలియక రెండూ తెచ్చాను," అంది తార. "ఉతికేసి ఇచ్చారుగా మీరు. వాసన కూడా లేదు."

ఆ రోజు ఉతికింది మనీషా. శుభ్రంగా ఇస్తే ఎవరికైనా పనికొస్తాయని. అది చెప్పబోయి సుమతి ఊరుకుంది.

"నలభై ఉన్నాయన్నావు," అంది తార. బకెట్ ఆమె ఒళ్ళో ఉంది. "వాటిమీద కూడా ఉందా పేరు?"

"ఉండేది."

"అంటే?"

"పూడ్చేశాం." సుమతి ఆగింది. "నేనే పూడ్చాను. వాళ్ళు అడిగారు, నువ్వు అలా కోరుకుంటున్నావా అని. అవునని చెప్పాను."

తార ఆమెను చూసింది. కోపం లేదు చూపులో. అంతకంటే కష్టమైనదేదో ఉంది. దాన్నుంచి సుమతి చూపు తప్పించలేకపోయింది.

"నన్ను అడగాల్సింది సుమతీ."

"ఎవరెవరో కొనుక్కుంటారు. వాళ్ళకి అదేంటో కూడా తెలియదు. నీకు బాధనిపిస్తుందని..."

"తెలియకపోతే ఏం? నలభై ఇళ్ళల్లో ఉండేది. ఎక్కడెక్కడో. నేను పోయాక కూడా ఉండేది." తార బకెట్ అంచు పట్టుకుంది. "ఈ ఇంట్లో ఎవరూ అనరు ఆ పేరు. నాముందు ఎవరూ అనరు. నువ్వు వచ్చి గంటయింది, నువ్వూ అనలేదు."

కింద వంటింట్లో ఫ్రిజ్ మోత ఆగింది. సుమతి కార్పెట్ కేసి చూస్తూ, "నీహా," అంది. మూడేళ్ళలో ఆ మాట ఆమె గొంతులోంచి రావడం అదే మొదలు. మూడు రోజులు చేత్తో రాసిన మాటే, నోటితో అంటే వేరేగా ఉంది.

తార తలూపింది. కొంచెంసేపటికి, "నేను నిన్ను ఒకటి అడగాలనుకునేదాన్ని. ఎప్పుడూ అడగలేకపోయాను," అంది. "నాలుగు సంచులని చెప్పారు ఆయన. నిజమేనా?"

"మమ్మల్ని ఆయనే చెయ్యమన్నారని తెలుసా నీకు?"

"గది ఖాళీ చెయ్యమంది ఆయనేనని తెలుసు. అది అడగట్లేదు. సంచులెన్ని?"

"ఐదు."

"ఐదు," అంది తార. ఆ అంకెను ఒళ్ళో పెట్టుకున్నట్టు రెండు చేతులూ బకెట్ చుట్టూ వేసింది. "నాకు అన్నీ గుర్తు లేవు. ఏమేం ఉన్నాయో అప్పుడు ఎందుకు చూసుకుంటాం? రోజూ ఉంటాయి కదా. ఫొటోల్లో కనిపించినవి రాసుకున్నాను. మిగతావి పోతున్నాయి ఒక్కోటీ. ఆఖరుసారి వాటిని చూసింది నువ్వు. నువ్వే మడతపెట్టావు. చెప్పు, ఏమేం ఉన్నాయో."

"నాకూ గుర్తు లేదేమో తారా."

"ఉన్నంతవరకు చెప్పు."

సుమతి కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం తొందరగా చెయ్యాలని, దేన్నీ చూడకూడదని పళ్ళు బిగపట్టుకుని సర్దింది. చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు సొరుగు లాగినట్టు చేతులు ముందుకు చాచింది, ఖాళీ గాలిలో. చేతులకు తెలుస్తోంది.

"మొదటి సంచిలో బట్టలు," అంది. "పై సొరుగువి ముందు. బనీన్లు, చిన్నవి, ఆరో ఏడో. గళ్ళ గౌను ఒకటి. దానికి వెనక ఒక గుండీ ఊడిపోయింది."

"ఊడలేదు. నేనే తీసేశాను. నోట్లో పెట్టుకునేది."

"పట్టు లంగా. ఆకుపచ్చది. టిష్యూ కాగితంలో చుట్టి ఉంది."

"అమ్మ పంపింది. కట్టలేదు ఒక్కసారీ. తర్వాత?"

"కోతి బొమ్మ ఉన్న టవల్. చెవి ఒకటి కుట్టి ఉంది, నల్ల దారంతో."

"నల్ల దారంతోనే." తార కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది. "తర్వాత?"

కింద గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడైంది. సుమతి ఆగింది. తార కదల్లేదు. వంటింట్లో సంచులు పెట్టిన శబ్దం, ఫ్రిజ్ తలుపు, తర్వాత మెట్ల మీద అడుగులు. చక్రపాణి, "తారా, కొత్తిమీర దొరకలేదు," అంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. కోటు ఇంకా తీయలేదు. కార్పెట్ మీద తెరిచి ఉన్న పెట్టెను చూశాడు. జాకెట్లను చూశాడు. తార ఒళ్ళో పసుపు బకెట్‌ని చూశాడు.

సుమతి లేవబోయింది.

"కూర్చో," అంది తార. "ఆపకు."

సుమతి మళ్ళీ కూర్చుంది. గుమ్మం వైపు చూడకుండా చెప్పింది. "సంచి అడుగున చెప్పులు పెట్టాను. బరువని. ఒక జత. ఎర్రవి."

తార వేళ్ళు లెక్క పెట్టుకుంటున్నట్టు కదిలాయి.

"నీలంవి," అన్నాడు చక్రపాణి.

మళ్ళీ అన్నాడు. "ఎర్రవి నీహాకి చిన్నవైపోయాయి. ఆ నెలే నీలంవి కొన్నాం. నేనే తీసుకెళ్ళాను కొనడానికి. షాపులో పరిగెత్తి చూసుకుంది."

తార తల తిప్పి అతనికేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పెట్టెను గోడవైపు జరిపి, కార్పెట్ మీద తన పక్కన చోటు చేసింది. అతను కోటుతోనే వచ్చి కూర్చున్నాడు, మంచు అంటిన బూట్లు విప్పకుండా.

"నీలంవి," అంది తార. "రెండో సంచిలో?"